రద్దు కాగితాల పుస్తకం

పరీక్షల బోర్డు పెద్దలారా, ఆ పిల్ల కాలేజీ సీటు పోగొట్టింది మీరు. అత్త కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎందుకంటే జరిగింది వింటూ పోతే మీ వేలే ముందు లేచి అత్త వైపు తిరుగుతుంది. ఇప్పటికే తిరిగింది. అచ్చాఫీసు యజమాని వేలు తిరిగింది, వీధిలో పది ఇళ్ళ వేళ్ళు తిరిగాయి, ఆఖరికి అత్త వేలు కూడా అత్త వైపే తిరిగింది. మీ వైపు మాత్రం ఒక్కటీ లేవలేదు. మీరుండేది నాలుగో అంతస్తు కదా, మా వేళ్ళు అంత ఎత్తుకి ఆనవనుకున్నారు.

అత్త అంటే ఆ పిల్లకి మేనత్త, తండ్రికి అక్క. అచ్చాఫీసులో బైండింగు పని, ఇరవై ఆరేళ్ళ నించి. మెషిన్ మీంచి దిగిన పెద్ద కాగితాన్ని మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది. ఆ మడతల్ని వరసగా పేర్చి, సూదితో కుట్టి, వీపుకి జిగురు రాస్తే పుస్తకం. వరస తప్పకుండా ఉండటానికి ప్రతి మడత వీపు మీదా చిన్న నల్ల గుర్తు అచ్చేస్తారు. మొదటిదానికి పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. అన్నీ పేర్చి పక్కనించి చూస్తే మెట్లు దిగినట్టుండాలి. మెట్టు విరిగిందంటే మడత తప్పిందన్నమాట. అత్త పుస్తకాన్ని వీపు చూసి తప్పు పట్టేస్తుంది. ముఖం చూడదు. చూడకూడదు కూడా. "చదివేవాళ్ళు బైండింగుకి పనికిరారు" అన్నది ఆ బల్ల దగ్గర మొదటి రోజు నేర్పే మాట. ఒక్క వాక్యం మీద కన్ను పడిందా, చేతిలో లెక్క పోతుంది. అత్తకి అక్షరాలు రాక కాదు, ఐదో తరగతి దాకా చదివింది. కానీ బల్ల ముందు కూర్చుంటే ఆమెకి అక్షరమంటే సిరా. పలచబడిందా, ముద్దయిందా, పక్కకి జరిగిందా, అంతే. అది ఏం చెబుతోందో చూడటానికి ఆమెకి జీతం ఇవ్వలేదు.

ఇల్లు రెండు గదులు. తమ్ముడు భవనాలకి రంగులేసేవాడు, మూడేళ్ళ కిందట గోడకి కట్టిన సారవ కర్రల మీంచి పడి నడుం విరగ్గొట్టుకుని ఇంట్లో గోడకి ఆనుకున్నాడు. మరదలు ఒక హాస్టల్లో గిన్నెలు తోముతుంది. వాళ్ళకి ఒక్కతే కూతురు. చదివేటప్పుడు సన్నగా, ఆగకుండా గొణుగుతుందని ఆ పిల్లని అందరూ కీచురాయి అనేవాళ్ళు. తండ్రి పడ్డప్పుడు రెండేళ్ళు బడి మానేసి బట్టల కొట్లో నిలబడింది. మళ్ళీ బళ్ళో చేరి ముగించేసరికి, పశువుల డాక్టరు కాలేజీకి మీరు పెట్టిన వయసు హద్దు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఈ ఏడు రాస్తే రాసినట్టు. పైఏడు ఆ పిల్లకి పరీక్ష లేదు.

"మనుషుల డాక్టరు చదవొచ్చు కదే, నా నడుమైనా చూద్దువు" అనేవాడు తండ్రి.

"పశువులైతే నొప్పి ఎక్కడుందో అబద్ధం చెప్పవు నాన్నా. నీకు టీ కావాల్సినప్పుడల్లా నడుం నొప్పి వస్తుంది."

"చూశావా అక్కా, ఇంకా సీటు రాలేదు, అప్పుడే రోగిని తిడుతోంది."

"రోగివి నువ్వు కాదులే, నువ్వు దున్నపోతువి. దాని కిందికే వస్తావు" అనేది అత్త.

ప్రవేశ పరీక్షకి నమూనా ప్రశ్నల పుస్తకం ఒకటుంది. బోర్డువారే వేస్తారు, బోర్డువారే అమ్ముతారు. ఆ ధర పెట్టి కొనే ఇల్లు కాదది. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం అచ్చయ్యేది అత్త పనిచేసే చోటే. రోజుకి నాలుగు వందల కాపీలు ఆమె చేతుల మీంచే పోతాయి. వంటమనిషి పస్తున్నట్టు, ఒక్కటీ ఇంటికి రాదు.

అచ్చాఫీసులో ఒక అలవాటుంది. పాడైన కాగితాలు కటింగు మెషిన్ వెనక కుప్ప పడతాయి. ఫోర్‌మన్ చీటీ రాసిస్తే పనివాళ్ళు వాటిని పట్టుకుపోవచ్చు. అలమరల్లో పరుచుకుంటారు, పొట్లాలు కట్టుకుంటారు. పరీక్షకి ఇంకా మూడు నెలలుందనగా ఒక మధ్యాహ్నం ఫోర్‌మన్ బండి నిండా కాగితాలు తోసుకొచ్చి కుప్ప దగ్గర దింపాడు.

"అక్కా, ఇదంతా రద్దు. కావాలంటే పట్టుకుపో."

అత్త పైకాగితం తీసి వెలుగులో పట్టింది. నమూనా ప్రశ్నల పుస్తకం. మరకేదీ లేదు. అంచులు సమంగా ఉన్నాయి. సిరా నిండుగా ఉంది. ఇంకోటి తీసింది, ఇంకోటి తీసింది. ఇంత శుభ్రమైన సరుకు చెత్తలో పడటం ఆమె ఇరవై ఆరేళ్ళలో చూడలేదు. ఆ అచ్చాఫీసులో రద్దంటే మసి, వంకర, చిరుగు. వాటి కోసం వెతికింది, ఒక్కటీ దొరకలేదు. 'ఎవడి తిక్కో, మన అదృష్టం' అనుకుంది. చీటీ రాయించుకుంది. గేటు దగ్గర కాపలావాడికి సంచీ విప్పి చూపించి మరీ తెచ్చుకుంది. దొంగతనం కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, మీ గుమాస్తా దీని గురించే అడిగాడు.

ఆదివారం కూర్చుని మడిచింది, పేర్చింది, మెట్లు సరిచూసింది, రెండు పోగుల దారంతో కుట్టింది. అట్టకి తమ్ముడి పాత రంగుల డబ్బా మీది నీలం గుడ్డ వేసింది. కొట్లో అమ్మే పుస్తకం ఏడాదికే వీపు విడిచేస్తుంది. ఇది ముప్పై ఏళ్ళు ఉంటుంది.

పొద్దున్నే ఐదింటికి మొదలు. మూడు గంటలు, నూట ఎనభై ప్రశ్నలు, పక్కన బల్ల గడియారం. పాఠం అత్తకి రాదు. రక్తం ఎటు పోతుందో, కప్పకి గుండె గదులెన్నో ఆమెకేం తెలుసు. ఆమెకి తెలిసింది చేతివేగం. మడత దగ్గర ఆగి ఆలోచించే మనిషి సాయంత్రానికి సగం పని కూడా తెమల్చదు. అదే నేర్పింది. పుస్తకం మొత్తంలో ఆమె చదివింది మొదటి పేజీ ఒక్కటే, అదీ పిల్లకి సాయం చేయాలని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. 'తప్పు జవాబుకు మార్కులు తగ్గించబడవు. అభ్యర్థులు అన్ని ప్రశ్నలకు జవాబు గుర్తించవలెను.'

"ఇదిగో, నాకు అర్థమైన పాఠం ఇదొక్కటే. ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకు."

"తెలియనిదానికి కూడానా అత్తా? ఊరికే ఏదో ఒకటి నింపితే దొంగతనంగా ఉండదూ?"

"పెట్టమని వాళ్ళే అచ్చేసి చెబుతుంటే నీకేం నొప్పే. ఇంకోటి విను. ఈ మొదటి పేజీ నీకు కంఠతా వచ్చేసింది. పరీక్షలో దీని మీద కూర్చోకు. మూడు నిమిషాలు మిగుల్తాయి. మూడు నిమిషాలంటే మూడు ప్రశ్నలు."

కీచురాయి తలూపింది. మూడు నెలల్లో పేజీ తిప్పేయడం ఆ పిల్ల చేతికి ఎంత అలవాటైందంటే, పుస్తకం ముట్టుకుంటే చాలు, బొటనవేలు తనంతట తనే మొదటి పేజీని అవతలికి తోసేది.

వీధిలో ఇంకో పదిమంది ఆడపిల్లలు అదే పరీక్షకి కట్టారు. అందరిదీ ఒకే బడి, సైన్సు టీచరు రెండేళ్ళుగా లేని బడి. నీలం అట్ట చూసి ఒక్కొక్కరి తల్లీ వచ్చింది. "వదినా, మా పిల్లకి కూడా కుట్టిపెట్టవూ." కుప్పలో ఇంకా కాగితముంది. అత్త కాదనలేదు. నాలుగు ఆదివారాలు వేళ్ళు పొక్కేలా కుట్టింది. మొత్తం పదకొండు పుస్తకాలు. సాయంత్రాలు పిల్లలంతా మెట్ల మీద కూర్చుని గడియారం మధ్యలో పెట్టుకునేవాళ్ళు. అత్త వెనక నిలబడి, ఎవరి చెయ్యి ఆగితే వాళ్ళ నెత్తిన చిన్నగా మొట్టేది. "ఆలోచించకు, ముందుకి పో." ఆ నెలల్లో అత్త నడకే మారిందని తమ్ముడు ఎకసెక్కమాడేవాడు. "మా అక్కయ్య ఇప్పుడు ప్రిన్సిపాలు. ఇంట్లోకి రావాలంటే అర్జీ పెట్టుకోవాలి."

పరీక్ష రోజు అత్త సెలవు పెట్టి గేటు బయట గోడ నీడలో మూడు గంటలూ నిలబడింది. గంట కొట్టారు. వీధి పిల్లల్లో కీచురాయి ముందుగా వచ్చింది, ముఖం వెలిగిపోతూ.

"నాలుగు నిమిషాలు మిగిలాయి అత్తా. ఒక్కటి కూడా ఖాళీ లేదు. అరవై దాకా తెలియనివి వచ్చాయి, అన్నీ నింపేశాను."

పక్కనే ఒక పిల్ల తండ్రి భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. కోచింగు సెంటరు సంచీ తగిలించుకుని ఉంది. "యాభై వదిలేశాను నాన్నా, యాభై." అత్తకి మనసాగలేదు. దగ్గరికి వెళ్ళింది.

"అయ్యో తల్లీ, ఖాళీ వదలొచ్చా? ఏదో ఒకటి పెట్టేయాల్సింది."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని వింతగా చూసింది. "తప్పైతే అరమార్కు కోస్తారు కదండీ. ఈ ఏడు నించి మార్చారు. మొదటి పేజీలోనే ఉంది."

అత్త వెనక్కి తిరిగింది. కీచురాయి చేతిలో ప్రశ్నపత్రం ఉంది. ఆ పిల్ల దాన్ని తెరవలేదు. తెరవకుండానే, మొదటి పేజీ ఏ వైపుందో ఆ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆఖరికి అత్తే అందుకుని చదివింది, వేలు పెట్టి, కూడబలుక్కుని. రెండో వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది.

అప్పుడే గేటులోంచి మిగతా పదిమంది ఒకరి వెనక ఒకరు నవ్వుకుంటూ వచ్చారు. ఆమె చుట్టూ మూగారు. "అన్నీ నింపేశాం ఆంటీ. ఒక్కటీ వదల్లేదు." ప్రతి ఒక్కరూ చెప్పారు. పదిసార్లు విన్నది ఆ మాట.

మర్నాడు ఫోర్‌మన్ కటింగు మెషిన్ ఆపి విన్నాడు. విన్నాక గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"అచ్చు సగంలో ఉండగా బోర్డు నించి లెటరొచ్చింది అక్కా. రూలు మారింది, వేసినవన్నీ రద్దు చేసి మళ్ళీ వేయండి అని. ప్రతి నమూనా పేపరు నెత్తిన ఆ వాక్యం ఉంది కదా, అందుకే అన్ని కాగితాలూ పోయాయి. నువ్వు చదవలేదా?"

"నేనెప్పుడు చదివాను?"

"నేనూ... అలమరల్లో పరుచుకుంటావనుకున్నా. నువ్వు కూర్చుని కుడతావని నాకేం తెలుసు."

"మరి రూలు మారిందని ఎక్కడ చెప్పారు?"

"కొత్త పుస్తకంలో ఉంది. వెబ్‌సైట్లో పెట్టారట."

విన్నారా. కొనుక్కున్నవాళ్ళకి పుస్తకంలో చెప్పారు. కోచింగు సెంటర్లకి వాళ్ళ మనుషులు చెప్పారు. డబ్బున్న చెవికి మాట ఇంటికొచ్చి చేరింది. లేని చెవి నాలుగో అంతస్తుకి వచ్చి వినాలట.

మూడు వారాలకి ఫలితాలొచ్చాయి. వీధిలో పదకొండు పేర్లలో ఒక్కటీ జాబితాలో లేదు. కీచురాయి కాగితం మీద ఒప్పులు నూట ఇరవై ఏడు, తప్పులు యాభై మూడు. తప్పుకి అర చొప్పున ఇరవై ఆరున్నర కోశారు. మిగిలింది వంద మీద అర. ఆఖరి సీటు నూట ఆరుకి వెళ్ళింది. తెలిసినవి రాసి తెలియనివి వదిలేసి ఉంటే తనకి నూట పదిన్నర వచ్చేదని ఆ పిల్లే కూడి, తీసేసి, కాగితం మడిచి తండ్రికిచ్చింది. పాత రూలే ఉంటే సరేసరి. చదువు చాలక పోయిన సీటు కాదది. కొండంత చదివిన పిల్ల, మీరు దాచిన ఒక వాక్యం కాలికి తగిలి పడింది.

"మొదటి పేజీ నేను చదవాల్సింది అత్తా" అంది.

"చదవొద్దన్నది నేను."

"నువ్వు చెబితే మాత్రం, కళ్ళు నావే కదా."

ఇద్దరూ తప్పుని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు, అదేదో ఆస్తి అయినట్టు. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అతను టీ అడగలేదు.

పది ఇళ్ళకీ అత్త తనే వెళ్ళింది. ఎవరో చెబితే వినేకంటే తన నోటితో వినడం మేలని. ఒక తల్లి, "పుస్తకం లేకపోయినా బాగుండేది వదినా, పిల్ల ఆ పేజీ అయినా చదువుకునేది" అంది. ఒక తండ్రి తలుపు తీయలేదు. ఇంకో తల్లి లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, నీలం అట్ట పుస్తకాన్ని జాగ్రత్తగా కాగితంలో చుట్టి చేతికి తిరిగిచ్చింది. అత్తకి తిట్టిన ఇల్లే నయమనిపించింది.

అక్కణ్ణించి బడికి వెళ్ళింది. మీవాళ్ళు ఒక్క నోటీసైనా పంపారేమో, ఎవరైనా పిల్లలకి చెప్పారేమో కనుక్కుందామని. నోటీసు రాలేదు. కొత్తది రాలేదు కానీ, పాతది అలాగే ఉంది: వరండా గోడకి బోర్డువారి పోస్టరు, ముద్రతో సహా, నాలుగు మూలలా మేకులు కొట్టి. 'తప్పు జవాబుకు మార్కులు తగ్గించబడవు.' పరీక్షకి ముందు రోజూ అక్కడే ఉంది. పరీక్ష అయ్యాక, ఫలితాలొచ్చాక కూడా అక్కడే ఉంది. అత్త ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. హెడ్‌మాస్టరు చూస్తుండగానే మేకులు పీకి, పోస్టరు చుట్టి చంకలో పెట్టుకుని మీ ఆఫీసుకొచ్చింది.

నాలుగో అంతస్తు. రెండో కౌంటరు. గుమాస్తా కుర్రవాడు, మర్యాదస్తుడే. పోస్టరు విప్పి చూశాడు.

"పోస్టరు మాదేనండీ. కానీ పోస్టరు చూసి పరీక్ష రాయమని ఎవరన్నారు? ప్రశ్నపత్రం మొదటి పేజీలో స్పష్టంగా ఉంది."

"మీ గోడ మీద ఒకటి, మీ పేపర్లో ఒకటి ఉంటే పిల్ల ఏది నమ్మాలి బాబూ?"

"తాజాది."

"తాజాది గోడకి ఎందుకు కొట్టలేదు?"

"అది మా సెక్షన్ కాదు."

అత్త సంచీలోంచి నీలం అట్ట పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టింది. అక్కడే ఆమె తప్పులో కాలేసింది. గుమాస్తా పేజీలు తిప్పాడు, ముఖం మారింది. లోపలికెళ్ళి ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు.

"ఇవి రద్దు చేసిన కాగితాలు. తగలబెట్టించమని లెటరిచ్చాం. బయటికెలా వచ్చాయి? ఎవరిచ్చారు?"

ఇల్లు కాలి ఏడుస్తుంటే నిప్పెట్టిందెవరని అడగలేదు మీరు. ఆర్పడానికొచ్చిన బిందె ఎక్కడ ఎత్తుకొచ్చావని అడిగారు.

ఫోర్‌మన్ రాసిచ్చిన చీటీ అత్త దగ్గరే, కొంగు ముడిలో ఉంది. చూపిస్తే దొంగ కాదు. చూపిస్తే ఫోర్‌మన్ ఉద్యోగం ఉండదు. అతనికీ ఇద్దరు పిల్లలు బళ్ళో ఉన్నారు. అత్త చెయ్యి చీర కొంగు ముడి దాకా వెళ్ళి ఆగింది.

"ఎవరూ ఇవ్వలేదు. నేనే తెచ్చుకున్నా" అంది.

రెండు రోజుల్లో అచ్చాఫీసుకి మీ లెటరు చేరింది. ఈ లెటరు మాత్రం వెబ్‌సైట్లో పెట్టి ఊరుకోలేదు, మనిషి చేతికిచ్చి పంపారు. యజమాని అత్తని పిలిచి, ఇరవై ఆరేళ్ళ మనిషివి కాబట్టి పోలీసుల దాకా వెళ్ళను, రేపట్నించి రావద్దన్నాడు. కీచురాయి పశువుల దాణా కొట్లో కుదిరింది. బస్తాలు తూచి, చీటీలు రాసి ఇస్తుంది. జంతువులకి ఎంత దగ్గరగా పోవచ్చో అంత దగ్గరికి పోయింది. ఇంట్లో గొణుగుడు ఆగిపోయింది. పొద్దున్న ఐదింటికి మెలకువ వచ్చినా ఎవరూ లేవరు.

అత్త మాత్రం రోజూ మీ నాలుగో అంతస్తుకి వస్తోంది. చేత్తో రాసిన అర్జీ తెస్తుంది. ప్రతి అక్షరం దగ్గరా ఆగి, చదివి చదివి రాసింది. ఎవరూ తీసుకోవడం లేదు. ఫలితాలే అంతిమం అంటారు. ఆమెకీ తెలుసు, ఇది గోడకి తల బాదుకోవడమని. అయినా వస్తోంది. మీరు తీసుకోలేదు కాబట్టి అందులో ఏముందో ఇక్కడ వినండి.

కాలేజీ సోమవారం తెరుస్తారు. ఈలోపే ఆ పదకొండు మంది జవాబు కాగితాలు బయటికి తీయండి. మీ ముద్ర వేసి మీరు గోడకి కొట్టిన రూలు ప్రకారం దిద్దండి, కోసిన మార్కులు తిరిగివ్వండి. అది చేతకాకపోతే వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టండి, మీ ఆలస్యం వల్ల హద్దు దాటిన వాళ్ళ వయసు లెక్కలోంచి తీసేయండి. ఆ పోస్టరు ఇంకా ఎన్ని బళ్ళ గోడల మీదుందో ఈ రోజే మనుషుల్ని పంపి చూడండి, చూసి ఎంతమంది పిల్లలు మునిగారో పేర్లతో సహా బయటపెట్టండి. మార్చిన రూలు అమ్మకపు సరుకు కాదు. మార్చిన రోజే ప్రతి బడి గుమ్మానికీ ఊరికే చేరాలి. అత్తని పనిలోకి తీసుకోమని అచ్చాఫీసుకి ఇంకో లెటరు రాయండి, అదీ మనిషి చేతికిచ్చి పంపండి. ముందు ఆ కౌంటరు కిటికీ తెరిచి, ఆమె చేతిలో కాగితం అందుకోండి.